కొసరు వేగం

పాలు పోసే ఎల్లయ్య మా గుమ్మం దగ్గర మాత్రం నురుగు అణిగేదాకా నిలబడతాడు. పదమూడేళ్లుగా అంతే. మొదట్లో సణిగేవాడు. "అమ్మగారూ, నురుగు కూడా ఆ గేదె ఇచ్చిందేనండీ" అనేవాడు. ఇప్పుడు అనడు. క్యాన్ కింద పెట్టి ఎదురింటి జామచెట్టు కాయలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. కూరగాయల తూకం దగ్గరా నా పద్ధతి అదే. ముందు పళ్లెం ఖాళీగా ఉండాలి, ముల్లు కదలకుండా సున్నా మీద నిలవాలి, ఆ తర్వాతే వంకాయలు.

ఈ పేరు ఉండబట్టే, మచిలీపట్నంలో మా వీధి మహిళా మండలి కంప్యూటర్లు కొన్నప్పుడు వాటిని సరిచూసే పని నాకు అప్పగించారు.

మండలి గదిలో ఇన్నాళ్లూ కుట్టుమిషన్లు ఉండేవి. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు తెలుగు టైపింగూ, డిజైన్ పనీ నేర్పిద్దామని అధ్యక్షురాలు దివ్యశ్రీకి బుద్ధి పుట్టింది. పెడన నుంచి నాలుగు వాడిన కంప్యూటర్లు తెప్పించింది. అమ్మిన పిల్ల పేరు జోహ్రా. కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కే ఇమామ్ సాహెబ్ గారి కూతురు. ఆఫీసుల వాళ్లు తీసేసిన కంప్యూటర్లు కొని, విప్పి, బాగుచేసి అమ్ముతుంది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఇంతకుముందు ఒకటీ అరా అమ్మిందట. నాలుగు ఒకేసారి ఇవ్వడం ఇదే మొదలు.

ఒక్కో పెట్టె మీద తెల్ల కాగితం అంటించి, గుండ్రటి అక్షరాలతో రాసి పంపింది: "వేగం 3.20 గిగాహెర్ట్జ్."

రాసి ఇచ్చారంటే సరిచూడాలి కదా.

మా అమ్మాయి మేఘన గుడివాడ దగ్గర హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. దానికి ఫోన్ చేశాను. "కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమ్మా. పెర్ఫార్మెన్స్ అని ఉంటుంది, అక్కడ వేగం కనిపిస్తుంది. నాకు ల్యాబ్ టైమైంది, ఉంటా" అని పెట్టేసింది.

నొక్కాను. అంకె కనిపించింది గానీ ఒక చోట నిలవడం లేదు. 2.91 అంటుంది, 1.64 అంటుంది. అచ్చం పాల నురుగే. తెరిచి ఉన్నవన్నీ మూసేశాను. మౌసు ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఐదు నిమిషాలు కూర్చున్నాను. అంకె అణిగింది. 0.79 దగ్గర నిలిచిపోయింది.

నాలుగు కంప్యూటర్లకూ అదే పద్ధతి. నాలుగింటికీ అదే అంకె. చిత్రం ఏమిటంటే, కంప్యూటరు తన వివరాలు చెప్పే మొదటి పేజీలో మాత్రం 3.20 అనే ఉంది. ఒకే మనిషి వీధి గుమ్మంలో ఒక మాటా, పెరటి గుమ్మంలో ఒక మాటా చెప్పినట్టు.

ఇంటికొచ్చి చెప్పాను. మా అత్తగారు జానకమ్మ గారికి ఎనభై ఒకటి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నారు. "కుంచం అని చెప్పి మానిక కొలిచిందన్నమాట" అన్నారు. నాలుగు మానికలు ఒక కుంచం. నేను కాగితం మీద భాగహారం చేసి తెలుసుకున్నది ఆవిడ చిక్కుడుకాయ దించకుండా చెప్పేశారు.

మా వారు పురుషోత్తం గారు పేపరు పక్కకు జరిపి, "చిలకలపూడి గిల్టు గాజులకైనా ఆర్నెల్లు గ్యారంటీ ఇస్తారోయ్" అన్నారు.

దివ్యశ్రీకి ఫోన్ చేస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ మాటే మాట పిన్నిగారూ. కాగితం మీద రాసి సంతకం పెట్టండి, తిప్పి పంపేద్దాం. ఆదివారం ప్రారంభోత్సవం అని అందరికీ చెప్పేశాను, వేరేచోట చూసుకోవాలి."

రాశాను. "చెప్పిన వేగంలో పావు వంతు మాత్రమే ఉన్నది." సంతకం పెట్టాను. కానీ చాటుగా కాగితం పంపించడం నాకు నచ్చలేదు. ఎదురుగా చెప్పాలి. మర్నాడు పొద్దున్నే పెడన బస్సెక్కాను.

ఇమామ్ సాహెబ్ గారి ఇంటి ముందుగదిలో సగం అచ్చులు, సగం కంప్యూటర్లు. కిటికీ కింద ఆయన బల్ల. ఉలి మీద కొడతితో సన్నగా తాటిస్తూ ఒక లత చెక్కుతున్నారు. టేకు పొట్టు మోకాళ్ల మీద, గడ్డం మీద, గాలిలో కూడా ఉంది. అవతలి మూల జోహ్రా ఒక పెట్టె విప్పుకుని కూర్చుంది. మహిళా మండలి నుంచి వచ్చానని చెప్పాను.

"బందరు నుంచా అమ్మా! రండి రండి" అని ఆయన లేచి, స్టూలు మీద పొట్టు తుండుతో దులిపి వేశారు. "మా పిల్ల ఇచ్చినవి బాగున్నాయా? ఈ గదికి నాకూ దానికీ పెద్ద పోట్లాటండీ. ఆర్నెల్లు ఇచ్చాను. మీ నాలుగూ నిలబడితే గది దానిది. తిరిగొచ్చాయో, నా అచ్చుల బీరువా మళ్లీ ఇక్కడికే. మా పిల్ల వంటింటి గూట్లో పెట్టుకుని బాగుచేసుకోవాలి." ఆయన నవ్వుతూనే అన్నారు.

జోహ్రా నవ్వలేదు. నా చేతిలో కాగితం చూసింది.

నేను చదివి వినిపించాను. ఇమామ్ సాహెబ్ గారు కొడతి బల్ల మీద పెట్టేశారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "తెచ్చేసుకో జోహ్రా" అన్నారు. "నలభై ఏళ్లలో నేను చెక్కిన అచ్చు ఒక్కటి వెనక్కి రాలేదు. వాళ్లు తెచ్చి పడేసేదాకా ఉండకు. నువ్వే వెళ్లి తెచ్చుకో."

"అబ్బా, ఒక్క నిమిషం" అంది ఆ పిల్ల. తండ్రిని 'అబ్బా' అనే పిలుస్తుంది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆంటీ, ఎలా కొలిచారు?"

"చాలా జాగ్రత్తగా కొలిచానమ్మా. అన్నీ మూసేశాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అంకె నిలిచేదాకా ఐదు నిమిషాలు ఆగాను."

"ఏ పనీ ఇవ్వలేదా దానికి?"

"పనిస్తే అంకె ఊగుతోంది. ఊగుతుంటే ఎలా కొలుస్తాం?"

జోహ్రా రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమో అని నేను కంగారుపడ్డాను. భుజాలు ఊగుతున్నాయి. చేతులు తీసేసరికి నవ్వుతోంది.

"అయ్యో ఆంటీ! పడుకున్న మనిషి దగ్గర కూర్చుని పరుగు కొలిచారు మీరు. అది కూడా లేవకుండా కాపలా కాసి మరీ!"

నాకు ఒళ్లు మండింది. "సరిగా చెప్పు."

"పని లేకపోతే అది కావాలనే నెమ్మదిస్తుందండీ. కరెంటు తక్కువ లాగుతుంది, వేడెక్కదు. పని పడగానే లేస్తుంది. మీరు చూసింది ఊరికే కూర్చున్నప్పటి వేగం."

ఇమామ్ సాహెబ్ గారు గడ్డం గోక్కున్నారు. "మన అద్దకం వాడిలాగా? బల్ల మీద గుడ్డ లేకపోతే చెయ్యి లేవదు కదా. గుడ్డ పరవకుండా వాడి చెయ్యి ఎంత వేగమో ఎట్లా తెలుస్తది?"

"మరి మొదటి పేజీలో 3.20 అని ఎప్పుడూ మారకుండా ఉందే, అదేమిటి?" అన్నాను. ఒక పట్టాన వదిలే మనిషిని కాను.

"అది పేరు ఆంటీ. తయారుచేసినప్పుడే చిప్‌లో రాసేస్తారు. ఆ పేజీ కొలిచి చెప్పదు. లోపల రాసున్నది చదివి చూపిస్తుంది, అంతే. అది నిద్రపోతున్నా 3.20 అనే ఉంటుంది, పరిగెడుతున్నా 3.20 అనే ఉంటుంది."

"రేషన్ కార్డులో వయసన్నమాట" అన్నారు ఇమామ్ సాహెబ్ గారు. "మా ఆవిడకి అందులో ఇప్పటికీ ముప్పై రెండే."

"వింటున్నా!" అని లోపల్నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. ఆయన గబుక్కున కొడతి చేతిలోకి తీసుకున్నారు.

నాకు చెప్పింది అర్థమైంది. అర్థమవడం వేరు, తేలడం వేరు. డిగ్రీలో మా ఫిజిక్స్ మేడం, ఎంత చక్కగా వివరించినా ప్రయోగం పుస్తకంలో రీడింగ్ లేకపోతే మార్కు వేసేది కాదు. "మాటతో ఒప్పుకోనమ్మా. పనిచ్చి చూపించు. నాలుగింటికీ" అన్నాను.

"ఇప్పుడే పదండి" అంది జోహ్రా.

"నేనూ వస్తా" అన్నారు ఇమామ్ సాహెబ్ గారు. "తిరిగి మోసుకురావాలంటే నాలుగు చేతులు కావాలిగా." కూతురు కళ్లెర్రజేస్తే, "నిలబడితే లడ్డు తిని వస్తాలే" అని సర్దుకున్నారు.

మండలి గదికి చేరేసరికి దివ్యశ్రీ, మరో ఆరుగురు ఆడవాళ్లు, నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అందరూ ఉన్నారు. కబురు బస్సుకంటే ముందు చేరింది. ఎవరో లడ్డు డబ్బా కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. మా అత్తగారు కూడా చేతికర్ర పట్టుకుని వచ్చి, కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చున్నారు.

జోహ్రా తండ్రి చెక్కిన లత అచ్చును ఫొటో తీసి తెచ్చింది. ఆ ఒక్క అచ్చును చీర పొడవునా పరిచి, రంగులు మారుస్తూ వంద చీరలు తయారుచెయ్యమని కంప్యూటరుకు చెప్పింది. పక్కనే వేగం అంకె తెరిచి పెట్టింది.

"చూడండి ఆంటీ" అని మీట నొక్కింది.

0.79 కనిపించకుండా పోయింది. 3.38. 3.41.

పిల్లలు చప్పట్లు కొట్టారు. తెర మీద చీరలు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో మడతలు విప్పి పరుస్తున్నట్టు వస్తున్నాయి. ఎర్రది, నీలిది, ముదురు ఆకుపచ్చది. "ఆ మూడోది నాకు కావాలి" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

నాకు మాత్రం కొత్త అనుమానం వచ్చింది. "రాసింది 3.20 కదా. 3.41 ఎలా వచ్చింది? ఎక్కువ చూపించినా తప్పే."

"తప్పు కాదండీ. లోపల చల్లగా ఉండి, పని గట్టిగా పడితే రాసినదానికన్నా కాస్త ఎక్కువే పరిగెడుతుంది."

"కొసరు" అన్నారు మా అత్తగారు ముందు వరస నుంచి. అందరూ ఆవిడ వైపు తిరిగారు. "కుంచానికి కుంచం కొలిచి పైన గుప్పెడు వేసింది. మంచి దుకాణమే."

జోహ్రా మొహం వెలిగిపోయింది. రెండో కంప్యూటరు, మూడోది, నాలుగోది, వరసగా అన్నిటికీ అదే పని ఇచ్చింది. అన్నీ లేచాయి. నాలుగోది 3.36 చూపించగానే దివ్యశ్రీ, "అయిపోయింది పిన్నిగారూ! ఆ కాగితం చింపేయండి. ఆదివారం ఖాయం" అంది. ఇమామ్ సాహెబ్ గారు టోపీ సర్దుకుని లడ్డు డబ్బా వైపు చూశారు.

"ఐదు నిమిషాలు ఆగాలి" అన్నాను.

"మళ్లీనా!" అంది గది మొత్తం.

ఎవరేమనుకున్నా నేను గడియారం కిందే నిలబడ్డాను. పనిలో ఉన్నప్పుడు కొలవాలని ఇప్పుడు తెలిసింది. కానీ నిలకడ చూడాలన్న మాట మారలేదు. మొదటి నిమిషం పరిగెత్తని మనిషెవరు?

మూడో నిమిషంలో నాలుగో కంప్యూటరు అంకె జారడం మొదలుపెట్టింది. 3.30. 2.15. 1.40. చివరికి 0.79. పని మాత్రం ఇంకా ఉంది. పక్క మూడు కంప్యూటర్లలో నలభయ్యో చీర వస్తుంటే, దీంట్లో పదహారో చీర సగంలో ఆగి, ఒక్కో పువ్వూ ఆలోచించుకుంటూ వేస్తోంది.

దివ్యశ్రీ నా కాగితం వైపు, నా వైపు చూసింది. "అయితే, మీరు రాసిందే కరెక్టా?"

జోహ్రా మీటల మీద చేతులు పెట్టి ఏదేదో చూస్తోంది. "నేను నాలుగూ చూశాను ఆంటీ. అన్నీ ఒక్కలాగే పనిచేశాయి. ఒట్టు." ఇమామ్ సాహెబ్ గారు లడ్డు డబ్బా వైపు చూడటం మానేశారు. పెడన ముందుగదిలో మళ్లీ అచ్చుల బీరువా నిలబడినట్టే ఉంది తండ్రీకూతుళ్ల మొహాల్లో.

నిజం చెప్పాలంటే నా తప్పు ఒకటి అప్పటికే తేలిపోయింది. ఇంకో పొరపాటు మాట ఆ పిల్ల మీద పడకూడదు. మూడు పెట్టెల వెనకా అరచెయ్యి పెట్టి చూశాను. వెచ్చటి గాలి కొడుతోంది. నాలుగోదాని వెనక పెట్టాను. గాలి లేదు. రేకు మాత్రం అట్లు పోసే పెనంలా కాలుతోంది.

"దీనికి ఊపిరాడటం లేదమ్మా" అన్నాను.

జోహ్రా చటుక్కున లేచింది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పక్క మూత విప్పింది. లోపల చిన్న ఫ్యాను ఉంది. దాని రెక్కల మధ్య, కింద ఉన్న సన్నటి లోహపు రేకుల మధ్య పసుపూ గోధుమరంగూ కలిసిన పొడి దట్టంగా కూరుకుపోయి ఉంది.

"వేడి పోవడం లేదు. అందుకే కాలిపోకుండా తనే నెమ్మదించింది. కానీ ఇదెలా... నేను శుభ్రంగా తుడిచే ఇచ్చానే!"

నేను ఆ పొడి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. వీధి దుమ్ము ఇంత మెత్తగా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున్న పెడనలో స్టూలు మీద కూర్చున్నప్పుడు వచ్చిన వాసనే.

"టేకు" అన్నాను.

అందరి తలలూ ఇమామ్ సాహెబ్ గారి వైపు తిరిగాయి. ఆయన గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చదువుతున్నారు.

"అబ్బా" అంది జోహ్రా మెల్లగా.

"ఇవి పంపే ముందు నువ్వు సామాన్ల కోసం గుడివాడ వెళ్లావు చూడూ..." ఆయన క్యాలెండరుతోనే మాట్లాడారు. "నా బల్ల కాలు ఊగుతోంది. మామిడి పిందె అచ్చు, అంచు సన్నగా తీయాలి. ఈ పెట్టె ఎత్తు సరిగ్గా సరిపోయిందమ్మా. రాయిలా కదల్లేదు."

"కంప్యూటరు మీద పెట్టి అచ్చు చెక్కావా?"

"మూడంటే మూడు అచ్చులు."

"మూత విప్పి ఉంది కదా అప్పుడు!"

"విప్పి ఉంటే మంచిదేగా, గాలాడుతుందిలే అనుకున్నా. సాయంత్రం నువ్వొచ్చే ముందు మూత నేనే బిగించా. సాయం చేద్దామని."

ముందు నవ్వింది మా అత్తగారు. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. దివ్యశ్రీకి పొలమారితే పక్కావిడ వీపు తట్టింది. జోహ్రా కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. తండ్రి తన జేబులోంచి అచ్చు గాడులు తుడిచే చిన్న కుంచె తీసి, ఎవరూ అడక్కుండానే నేల మీద చతికిలబడి, నాలుక పంటికింద నొక్కిపట్టి ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే శుభ్రం చేయడం మొదలుపెట్టేసరికి ఆ పిల్ల కూడా ఓడిపోయింది. ఆయన చెయ్యి చూడాలి. వెంట్రుకంత సందులోంచి కూడా పొట్టు వచ్చేసింది. లోహానికి ఎక్కడా గీత పడలేదు.

మూత బిగించారు. మళ్లీ వంద చీరలు మొదలు. నేను మళ్లీ గడియారం కింద నిలబడ్డాను. ఈసారి ఎవరూ "మళ్లీనా" అనలేదు. అందరూ అంకె వైపే చూస్తున్నారు. 3.38. 3.40. ఒకటో నిమిషం, రెండో నిమిషం. మూడో నిమిషంలో జోహ్రా నా చెయ్యి పట్టుకుంది. 3.39. నాలుగు. ఐదు. ఆరో నిమిషం కూడా చూశాను. అదీ నా కొసరే.

"నిలబడింది" అన్నాను.

లడ్డు డబ్బా మూత ఎవరు తీశారో తెలియదు.

నా పాత కాగితం చింపలేదు. రాసినదాన్ని మాయం చేయడం నాకు అలవాటు లేదు. తప్పు వాక్యం అడ్డంగా కొట్టేసి, కింద రాశాను: "ఊరికే ఉన్నప్పుడు 0.79. పనిలో ఉన్నప్పుడు 3.39. ఆరు నిమిషాలు ఆగి చూడడమైనది. నాలుగూ తీసుకోవచ్చు." మళ్లీ సంతకం పెట్టి, జోహ్రా చేతికి ఇచ్చాను. "మొదట కొలిచింది నా తప్పమ్మా" అని అందరి ముందూ అన్నాను. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోను వెనక అట్టలో దాచుకుంది.

"మరి గది సంగతేమిటి సాహెబ్ గారూ?" అని అడిగాను.

ఆయన రెండో లడ్డు పూర్తి చేసి, మూతి తుడుచుకున్నారు. "ఇన్నాళ్లూ నా గదిలో ఇదుందనుకున్నానమ్మా. నా పొట్టు దాని మిషన్లో పడిందంటే, దాని గదిలో నేనున్నానన్నమాట. నా బల్ల వరండాలోకి పోద్ది. వెలుతురు కూడా అక్కడే బాగుంటది."

"ఆర్నెల్లేనా?" అంది జోహ్రా.

"ఇల్లు ఉన్నన్నాళ్లూ" అన్నారాయన. "నా బల్ల కాలు మాత్రం నువ్వే బాగుచేయించాలి."

ఆదివారం మండలి గదిలో పిల్లలు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని తమ పేర్లు తెలుగులో టైపు చేసుకున్నారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. జోహ్రా.

"ఆంటీ, అబ్బా బల్ల వరండాలోకి వెళ్లిపోయింది. గదంతా ఊడ్చాను. మూడు చేటల పొట్టు వచ్చింది తెలుసా!"

"ఊడిస్తే చాలదు, తడిగుడ్డ పెట్టు. ఆరాక కిటికీ మీద వేలితో రాసి చూడు."

వెనక నుంచి ఇమామ్ సాహెబ్ గారి గొంతు వినిపించింది. "ఆవిడేనా? గది పది అడుగులు, పన్నెండు అడుగులని చెప్పు, అడక్కముందే!"

"టేపు పెట్టి కొలిచారా?" అన్నాను.

జోహ్రా పకపకా నవ్వింది. "మీరే వచ్చి కొలవండి ఆంటీ. గది పూర్తిగా ఖాళీ. ఏదీ కదలడం లేదు, ఎవరూ ముట్టుకోవడం లేదు. మీకు ఎలా కావాలో అచ్చం అలాగే ఉంది."